పద్మ చెవుల సంగతి

ఎమ్మిగనూరు,
12 ఫిబ్రవరి 2025, బుధవారం.

గుంటూరు దిక్కున మిరప కోతల్లో ఉన్న ఉరుకుందప్ప అన్నకు, బడిలో ఆటల సారు సుధాకర్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. నువ్వు, హనుమంతమ్మ వదిన, పద్మ ఒంట్లో బాగున్నారనీ, మిరప ఘాటుకు దగ్గు పట్టుకోలేదనీ తలుస్తాను.

నీకు చదవడం రాదు కాబట్టి ఈ ఉత్తరం చదివి వినిపించేది నీ బిడ్డ పద్మేనని నాకు తెలుసు. అందుకే అక్షరాలు విడివిడిగా రాస్తున్నాను. సారు రాత కోడి కెలికినట్టు ఉంటుందని ఆ పిల్ల తొమ్మిదో తరగతి అంతటికీ చెప్పిన సంగతి నా దాకా వచ్చింది. పద్మా, మధ్యలో నవ్వకుండా, మాటలు మింగకుండా చదువు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావేమో. మొదటిసారి చేస్తే నువ్వు చెప్పాల్సింది చెప్పి పెట్టేశావు. రెండోసారి కూలీల మేస్త్రీ పిలుస్తాండాడని పెట్టేశావు. మూడోసారి చేసే ధైర్యం నాకే లేకపోయింది. మీ ఊరి కాశప్ప రేషన్ కార్డు పని మీద ఇంటికి వచ్చి, శుక్రవారం మళ్ళీ మీ దగ్గరికే బయలుదేరుతున్నాడు. అతని చేతికి ఇస్తే అదే రోజు రాత్రికి అందుతుంది.

ఊరి కబుర్లు ముందు రాస్తాను. ఆదివారం మోటారు సైకిలు మీద నందవరం మీదుగా మీ ఊరికి పోయి వచ్చాను. మీ వీధిలో కోతల సుగ్గికి వలస పోయిన ఇళ్ళన్నీ తాళాలు వేసి, గడపలకు ముళ్ళకంప అడ్డం పెట్టి ఉన్నాయి. మీ తాళం భద్రంగా ఉంది. మీ ఎనుము పక్కింటి గోవిందన్న కొట్టంలో ఉంది, కడుపు నిండా తింటోంది కానీ పాలు మాత్రం సరిగ్గా ఇవ్వడం లేదట. హనుమంతమ్మ సెయ్యి తప్ప దానికి ఇంగొకరి సెయ్యి పనికిరాదు సార్, రోజూ తన్నుతాది అని గోవిందన్న మోకాలు చూపించాడు. వదినకు చెప్పు, సంతోషిస్తుంది.

బడిలో మా మైదానం సగం మీద కొత్త గదుల కోసం కంకర పోశారు. మిగిలిన సగంలో పద్మతో జట్టులో ఆడే అశ్విని గోడకు బంతి విసురుకుంటూ ఉంటుంది. పద్మ ఎప్పుడొస్తాది సార్ అని రోజుకొకసారి అడుగుతుంది. నేను సామాన్ల గదిలోకి పోయి బ్యాట్లు లెక్కపెట్టుకుంటాను. ఉన్నవి ఆరే. ఆరింటిని ఎన్నిసార్లు లెక్కపెడతాను.

నా కబురు కూడా ఒకటుంది. జూన్ నుంచి ఆదోనిలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరబోతున్నాను. తొమ్మిదేళ్ళుగా ఇక్కడ ప్రతి ఏడూ కాంట్రాక్టు కాగితం వస్తుందా రాదా అని చూసే బతుకు నాది. ఆ స్కూలు నడిపే మల్లికార్జునయ్య గారు పత్తి వ్యాపారి, మర్యాదస్తుడు. పర్మినెంటు ఉద్యోగం ఇస్తానన్నారు. ఇంట్లో అందరికీ సంతోషం. నాకే నిద్ర సరిగ్గా పట్టడం లేదు, దోమల వల్ల అనుకుంటాను.

ఇక అసలు సంగతికి వస్తాను అన్నా. ఫోన్లో నువ్వు అన్న మాట వారం నుంచి నన్ను వదలడం లేదు. ఇరవై మూడో తేదీ ఆదివారం కర్నూల్లో రాష్ట్ర జట్టుకు మళ్ళీ ఎంపిక పెడుతున్నారు, పద్మను పంపించు అని నేను అడిగాను. సెవుడు పిల్లకు ఆటేంటికి సార్ అని నువ్వు అన్నావు. నవ్వులాటకు అంటున్నావేమో అనుకుని నేను నవ్వాను. నువ్వు నవ్వలేదు. ఆదోని ఆటలో మీరు అరిసినా బిడ్డకు ఇనపళ్ళే గదా, ఇంటికొచ్చినాక నేనే పరీచ్చ సేసినా, ఎనకాల నిలబడి కంచం మీద గంటెతో కొట్టినా, తిరిగి సూళ్ళే అన్నావు. అక్కడితో ఆగావా అంటే ఆగలేదు. గోడ కాడ మీకు పది అడుగుల్లో ఉన్నా గదా, నాగ్గూడా మీ అరుపు ఇనపళ్ళే, మా అవ్వకు నడి వయసులోనే సెవుడొచ్చింది, అదే నాకూ బిడ్డకూ దిగింది అన్నావు. వెల్లుల్లి వేసి కాచిన నూనె ఇద్దరూ రోజూ చెవుల్లో పోసుకుంటున్నామన్నావు. మిరప సేనుకు సెవుల్తో పన్లేదు సార్ అని పెట్టేశావు.

అన్నా, పద్మకు చెవుడు లేదు. నీకూ లేదు. అది నీకు నమ్మకం కలిగేలా చెప్పాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి. ఆ రోజు ఒక పూట పని మానుకుని, ఎర్రబస్సు ఎక్కి ఆదోని దాకా వచ్చి గోడ పక్కన నిలబడి చూశావు. నీకు ఆట గురించి ఒక్క ముక్క కూడా ఎవరూ చెప్పలేదు. నేను చెప్పి ఉండాల్సింది.

మన పిల్లలు ఆడేది బేస్‌బాల్. మైదానంలో నాలుగు మూలల్లో నాలుగు బేసులు ఉంటాయి. బంతిని కొట్టిన పిల్ల ఒక్కొక్క బేసూ దాటుకుంటూ చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వస్తే ఒక పరుగు. అలా పరుగెత్తే పిల్లను రన్నర్ అంటాం. బేసు మీద కాలు ఉన్నంతసేపు రన్నర్‌ను ఎవరూ ఏమీ చెయ్యలేరు. కానీ అక్కడే అంటిపెట్టుకుని ఉంటే తరవాతి బేసు అందదు. అందుకని నాలుగైదు అడుగులు ముందుకు జరిగి నిలబడాలి. ఆ అడుగుల్లోనే ప్రాణం ఇరుక్కుని ఉంటుంది. బంతి విసిరే పిల్ల ఎదురుగా చూస్తున్నట్టే చూసి, చటుక్కున వెనక్కి తిరిగి, రన్నర్ వదిలిన బేసుకు విసురుతుంది. అక్కడ ఒక పిల్ల దాన్ని పట్టుకుని రన్నర్‌కు తాకిస్తే ఔట్. దీన్ని పికాఫ్ అంటారు.

ఇందులో చిక్కు ఏమిటంటే, బంతి విసిరే పిల్లా, రన్నర్ వీపు వెనక బేసు దగ్గరికి పాకుతూ వచ్చే పిల్లా ఒకరినొకరు చూసుకోకూడదు. చూసుకుంటే రన్నర్ పసిగడుతుంది. ఇద్దరూ మనసులో ఒకే లెక్క పెట్టుకోవాలి. ఒకటి, రెండు అని చెప్పి చూశాను. ఒక పిల్ల ఒకటి అనేలోపల ఇంకొక పిల్ల మూడు దాకా పోయేది. నేను మగ్గాల వీధిలో పుట్టినవాణ్ణి కదా, చివరికి మా నాయన మగ్గమే గుర్తొచ్చింది. నెల రోజులు పిల్లల్ని మా వీధిలో ఒక మగ్గం ముందు కూర్చోబెట్టాను. నాడె ఇటు పోతే ఒక దెబ్బ, అటు పోతే ఇంకో దెబ్బ. రెండో దెబ్బకు తిరిగి విసరాలి, రెండో దెబ్బకు బేసు మీద ఉండాలి. సారు మా పిల్లల్ని నేతలో పెడతాండాడని ఇద్దరు తల్లులు బడి మీదికి గొడవకు వచ్చారు కూడా. కానీ లెక్క కుదిరింది. ఆ ఏడాది మండలంలో మమ్మల్ని దాటిన జట్టు లేదు.

రెండో బేసు దగ్గర ఉన్న రన్నర్ కళ్ళు బంతి విసిరే పిల్ల మీద నుంచి కదలకూడదు. వీపు వెనక ఎవరు వస్తున్నారో ఆమెకు కనపడదు. అది చూసి చెప్పాల్సినవాడు మూడో బేసు పక్కన నిలబడిన కోచ్. బ్యాక్ అని అతను ఒక్క కేక వేస్తే రన్నర్ వెనక్కి దూకుతుంది. పద్మకు నేను రెండేళ్ళుగా చెప్పింది ఒకటే మాట, నువ్వు వెనక్కి చూడొద్దు, వెనకాల నేను చూస్తుంటాను అని.

డిసెంబరు ఇరవై ఎనిమిది శనివారం ఆదోనిలో జరిగింది నువ్వు చూశావు. ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం, చివరి వంతు, ఇంకొక్కరు ఔటైతే ఆట ముగుస్తుంది. బ్యాటు అశ్విని చేతిలో ఉంది. పద్మ రెండో బేసు దగ్గర ఉంది. ఆ పిల్ల కాళ్ళకు అశ్విని ఎటు కొట్టినా చాలు. అప్పుడు ఆదోని పిల్లలు పికాఫ్ వేశారు. సరిగ్గా మన లెక్కతోనే వేశారు. ఎక్కడ నేర్చుకున్నారో, ఈ కాలంలో ఫోన్లో దొరకనిది లేదు. పద్మ ఔటైంది, ఆట అయిపోయింది.

మైదానం మధ్యలోనే, అందరూ వింటుండగా, అరిచాను గదా, వినపడలేదా అని నేను పద్మను అడిగాను. ఇనపళ్ళే సార్ అంది పద్మ. రాష్ట్ర జట్టుకు ఎంపిక చేయడానికి వచ్చి ఆట చూస్తున్న పెద్దలు ఆ మాట విన్నారు. కాళ్ళు మంచివి గానీ కోచ్ మాట వినని రన్నర్ అని రాసుకున్నారు. పేరు తీసేశారు.

అన్నా, మైదానం పక్కనే జిన్నింగు మిల్లు ఉంది చూశావు కదా. ఆ మధ్యాహ్నం షిఫ్టు సైరను సరిగ్గా అదే సమయానికి మోగింది. ఆ మోతలో నా కేక కలిసిపోయింది. నువ్వు పది అడుగుల్లో ఉన్నా వినపడలేదంటే కారణం ఆ సైరనే. ఎవరి చెవుల్లోనూ లోపం లేదు. పద్మ చెవులు ఎంత చురుకో నాకు తెలుసు, వరండా చివర నేను విజిలు జేబులోంచి తీస్తే చప్పుడు పట్టేసే పిల్ల అది. ఆ నూనె మానెయ్యండి. చెవిలో నూనె పోసుకుంటే ఉన్న వినికిడి పోతుంది.

కర్నూలుకు పద్మ ఒక్కతే పోవాల్సిన పని లేదు. అశ్విని కూడా వస్తోంది, వాళ్ళమ్మ ఇద్దరికీ తోడు ఉంటుంది. రాష్ట్ర జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే హాస్టలు ఉన్న ఆటల బడిలో చేర్చుకుంటారు. అక్కడ ఇంటర్ దాకా తిండీ చదువూ వాళ్ళదే. సుగ్గి వచ్చినప్పుడల్లా పుస్తకాల సంచి గోవిందన్న ఇంట్లో పడేసి మీ వెంట రావాల్సిన పని ఉండదు. ఇరవై మూడు దాటితే మళ్ళీ ఏడాది దాకా ఎంపిక లేదు, వచ్చే ఏడాదికి పద్మకు వయసు దాటిపోతుంది. మేస్త్రీకి మాట ఇచ్చానని అంటావు. మీ మేస్త్రీ యేసేపు నాకు తెలిసినవాడే, ఒక మనిషి నాలుగు రోజులు తగ్గితే అతని కోత ఆగిపోదు. నేను చెప్పానని చెప్పు.

నా మీద నమ్మకం ఉంచి పిల్లను పంపు అన్నా. వదినకు నమస్కారాలు. పద్మకు దీవెనలు.

ఇట్లు,
నీ తమ్ముడి వంటి
సుధాకర్.

తా.క. గురువారం రాత్రి. ఉత్తరం మడిచి, కవరు అంటించి, రేపటి టిక్కెట్టు కోసం వచ్చిన కాశప్పకు ఇచ్చేద్దామని బస్టాండు దాకా పోయాను. ఇవ్వలేక వెనక్కి వచ్చాను. సామాన్ల గదిలో కూర్చుని కవరు చింపి ఇది రాస్తున్నాను.

పైన సైరను గురించి రాసింది అబద్ధం. సైరను మోగిన మాట నిజమే, కానీ పద్మ ఔటై తల వంచుకుని నడిచి వస్తున్నప్పుడు మోగింది. నువ్వు అక్కడే ఉన్నావు, నీకు గుర్తు ఉంటుంది. అయినా పద్మ ఇది చదువుతుంటే, సారు రాసినాడంటే ముందే మోగిందేమోలే అని అనుకుంటావు. నా మాట కోసం నువ్వు రెండోసారి నీ చెవుల్ని కాదనుకుంటావు. అది తలుచుకుంటేనే కవరు ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

నేను అరవలేదు అన్నా. ఆదోని పిల్లలు ఆ లెక్క ఫోన్లో నేర్చుకోలేదు. నేనే నేర్పాను. డిసెంబరులో రెండు ఆదివారాలు ఎవరికీ చెప్పకుండా పోయి, మల్లికార్జునయ్య గారి స్కూల్లో, నా పనితనం చూపించుకోవడానికి. అక్కడ మగ్గం లేదు, బల్ల మీద చేత్తో దెబ్బలు కొట్టి నేర్పాను. పద్మ వెనకాల బేసుకు పాకుతూ వచ్చిన పిల్ల కన్యక, ఆయన మనవరాలు. మొదటి దెబ్బకే ఆ పిల్ల కదలడం చూశాను. నోరు తెరిచాను. ఆయన టెంటు కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను అరిస్తే పద్మ బతుకుతుంది, కానీ ఈ సారు నేర్పింది పారలేదని ఆయన అనుకుంటారు అనిపించింది. తొమ్మిదేళ్ళ కాంట్రాక్టు కాగితాలు తలుచుకుని, తెరిచిన నోరు మూసుకున్నాను. రెండో దెబ్బ పడింది. ఆ తరవాత భయంతో, అరిచాను గదా అని పిల్ల మీదికే తోశాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఆ రెండూ నేను తవ్వుకున్నవే.

ఈ నెలన్నర తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఈ సాయంత్రం మల్లికార్జునయ్య గారికి ఫోను చేసి అంతా చెప్పాను. నేనేమన్నా మిమ్మల్ని అడిగితినా సార్ అన్నారు. అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆదోని ఉద్యోగం వద్దన్నాను. ఎంపిక చేసేవాళ్ళకు తప్పు నాదేనని సంతకం పెట్టి రాశాను, ఆ కాగితం నకలు ఈ కవర్లోనే ఉంది, కర్నూలుకు తీసుకుపొమ్మను. మా హెడ్మాస్టరుకు రేపు చెబుతాను. జూన్‌లో ఇక్కడ ఉంటానో, అసలు ఏ బడిలోనైనా ఉంటానో తెలియదు.

నువ్వు కంచం మీద కొట్టినప్పుడు పద్మకు వినపడింది అన్నా. నాకు ఆ పిల్ల తెలుసు. తిరిగి చూస్తే సారు అబద్ధమాడినట్టు తేలుతుందని తిరగలేదు. మైదానంలో కూడా నా మొహం చూసి అర్థం చేసుకునే ఆ మాట అంది. నా పరువు కోసం పదిహేనేళ్ళ పిల్ల చెవిటిదైంది.

పద్మా, ఈ కాగితం ఒక్కటీ పక్కన పెట్టి, ఉత్తరం అయిపోయింది నాయనా అంటావేమోనని నాకు భయం. అందుకని ఇందులో ఉన్నదంతా కాశప్పకు నోటితో చెప్పి పంపుతున్నాను. నువ్వు చదవకపోతే అతను చెబుతాడు. కానీ అతనితో చెప్పించొద్దు. మీ నాయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని నువ్వే చదువు, చదివాక నువ్వే చెప్పు, సారు అరవలేదు, నాకు సెవులు బాగానే ఇనపడతాయి నాయనా అని.